రెండో రికార్డూ, హిలరీ జవాబూ

"ఈ రికార్డు మనల్ని ముంచేస్తుందిరా ట్రెవర్! ఒక్కరూ కొనరు. అప్పుడు బస్సు డిపో వాళ్ళు కూడా నిన్ను పనిలోకి తీసుకోరు."

స్టూడియోకి బయల్దేరుతూ నేనన్న మొదటి మాట అది. మా వాడి బ్యాండు మొదటి రికార్డు లీడ్స్ నుంచి లండన్ దాకా మోగింది. రెండోదీ అలాగే చెయ్యరాదా? ఒక వైపంతా ఒకే పాటట! అందులో కెటిల్ ఈల, చర్చి గంట, టేపు వెనక్కి తిప్పితే వచ్చే గోల.

"అమ్మా, నువ్వు శాండ్‌విచ్‌లు తెచ్చావా, శాపాలు తెచ్చావా?" అన్నాడు.

అసలు భయం వేరే ఉంది. ఆ స్టూడియోలో టేపు మెషీన్లు చూసే హిలరీకి లండన్‌లో ఉద్యోగం వచ్చింది. ఇక్కడ ఆమెకి ఆ రోజే ఆఖరు. మొదటి రోజే ఆ పిల్ల అందరిముందూ, "మీ గిటారు శృతిలో లేదండీ" అంది. "అది ప్రయోగం" అన్నాడు వీడు. "ప్రయోగమైతే చెమటెందుకు పట్టింది?" అంది. అప్పట్నుంచీ ఇంట్లో హిలరీ మీద ఫిర్యాదులే. తల్లిని, ఆ మాత్రం తెలియదా?

"అడిగెయ్యరాదట్రా?" అన్నాను వానలో నడుస్తూ.

"ఎదురుగా నిలబడితే పోట్లాటే వస్తుందమ్మా."

ఆమె కాదంటే వీడు పాట సగంలో వదిలేస్తాడు, తిండి మానేస్తాడు...

నన్ను మెషీన్ల గదిలో హిలరీ పక్కన కూర్చోబెట్టారు. అద్దానికి అవతల గదిలో మా వాడొక్కడే, మైకు ముందు; మా వైపు మసక దీపమే, వాడికి మేం కనపడం. ఆ పొడుగాటి పాట ఎట్టకేలకు అయింది. టేపు ఇంకా తిరుగుతోంది.

"హిలరీ, లండన్ వెళ్ళకు. వెళ్ళినా, నన్ను పెళ్ళాడతానని మాటిచ్చి వెళ్ళు."

హిలరీ ముఖం ఎర్రబడింది. "ఒప్పుకున్నాను! ఇన్నాళ్ళా అడగడానికి, మొద్దూ!"

నేను దేవుణ్ణి తలచుకునేలోపే అవతల మా వాడి ముఖం పాలిపోయింది.

"ఏమీ అనవేం?"

"అన్నానుగా! ఒప్పుకున్నాను!"

వాడు తల దించుకున్నాడు. గిటారు తీసి కుర్చీకి ఆనించాడు. "సరే. మాట్లాడకపోవడమూ జవాబేలే" అని తలుపు వైపు నడిచాడు.

"అయ్యో తల్లీ, వీడు నదిలో దూకుతాడే!" అన్నాను.

"చెవుడా ఏమిటి ఈ మనిషికి?" అంటూ హిలరీ బల్ల వైపు చూసి నెత్తి కొట్టుకుంది. "మీట! ఈ మీట నొక్కితేనే మన మాట ఆ గదిలోకి వినపడేది. రోజూ చేసే పనే, ఇవాళే మరిచాను!"

వాడి మాటలూ, వాటి మధ్య ఆ మౌనమూ ఇప్పటికీ రికార్డు చివర అలాగే ఉన్నాయి. కొన్నవాళ్ళు, బోలెడుమంది కొన్నారు లెండి, అదే అన్నిటికన్నా గొప్ప ప్రయోగమంటారు.

వాడి చెయ్యి తలుపు పిడి మీద పడింది. స్పీకరు గరగరలాడింది.

"ట్రెవర్, ఇటు తిరుగు. ఒప్పుకున్నాను. ఇది మూడోసారి!"