మర్యాద తెలియని ఊపిరిపెట్టె

విజయవాడలో కిటికీలు తెరవడం మానేసి రెండు తరాలయింది. ఇళ్ళకి కిటికీలున్నాయి గానీ, చూడ్డానికే. బయట మార్చి నుంచి అక్టోబరు దాకా నిప్పుల కొలిమి, మిగతా రోజుల్లో దుమ్ము. చీమ దూరే సందైనా లేకుండా గోడలు బిగించుకుని, లోపల చల్లగా కూర్చున్న జనం తమ ఊపిరి తామే మళ్ళీ పీల్చుకుంటూ తలనొప్పులతో మూలిగేవాళ్ళు. ఊపిరిపెట్టె వచ్చాకే ఆ పీడ వదిలింది.

శాస్త్రవేత్తలు దానికి 'శక్తిరక్షక వాయువినిమయ యంత్రం' అని పేరు పెట్టారు. ఇంజనీర్లు ఎనర్జీ రికవరీ వెంటిలేటర్ అన్నారు. రెండు పేర్లకీ నోరు తిరగని జనం ఊపిరిపెట్టె అన్నారు, అదే నిలిచింది. దాని కడుపులో పలచటి పొరలు దొంతరలుగా ఉంటాయి. పొరకి ఒకవైపు నుంచి ఇంట్లోని పాడుగాలి బయటికి పోతుంది, రెండోవైపు నుంచి కొత్తగాలి లోపలికొస్తుంది. రెండూ కలవవు. కానీ వచ్చేగాలిలోని వేడినీ ఉక్కనీ పోయేగాలి పొరలోంచి లాక్కుని, తనతో బయటికి మోసుకుపోతుంది. చల్లదనం ఇంట్లోనే ఉంటుంది, గాలి మాత్రం మారుతుంది.

డాక్టర్ మేధిని దానికి ముక్కు పెట్టింది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడుని ఆ ముక్కు పసిగడుతుంది. ఇంట్లో జనం పెరిగేకొద్దీ ఫ్యాను వేగం పెంచుతుంది. అప్పుడు గుర్రుమని మోత వస్తుంది. ఆ మోతంటే మేధినికి ఎంత ముద్దో! తను కన్న బిడ్డ ఒళ్ళు వంచి పనిచేస్తోందని మురిసిపోయేది.

అలాంటి బిడ్డ మీద నింద పడింది. కృష్ణలంక టవర్లలో అద్వయ్ అనే పసివాడు తన బారసాల నాడే ఊపిరందక ఆస్పత్రి పాలయ్యాడు. అసలే నెలలు నిండకుండా పుట్టినవాడు. చచ్చి బతికాడు. ఆరా తీస్తే ఇంకొన్ని ఇళ్ళలోనూ మనుషులు కళ్ళు తిరిగి పడ్డారని తేలింది. చిత్రమేమిటంటే, అన్నీ శుభకార్యాల రోజులే. కారణం చెప్పకపోతే పెట్టెలన్నీ ఊడబీకిస్తామంది ప్రభుత్వం. కానీ మేధినికి కంటి మీద కునుకు లేకుండా చేసింది అది కాదు. వచ్చే గురువారం ఆ పసివాడికి అన్నప్రాశన. మళ్ళీ అదే ఇల్లు, అదే జనం.

"వైరింగు లోపమై ఉంటుంది మేడమ్," అన్నాడు ఆమె దగ్గర పనిచేసే ఇంద్రనీల్.

మేధిని ప్రయోగశాల నుంచే ఆ ఇంటి పెట్టెతో మాట్లాడింది.

"బారసాల నాడు ఎందుకు ఆగిపోయావు?"

"నేను ఆగలేదు. ఆపారు."

"ఎవరు?"

"నాకు ముక్కే పెట్టారు. కళ్ళు పెట్టలేదు."

ఇంద్రనీల్ నవ్వాపుకున్నాడు. "మాట మాత్రం అచ్చం మీ పోలికే మేడమ్."

ఫోన్ చేసి అడిగితే, "అయ్యో, పసివాడున్న ఇంట్లో మేమెందుకు ఆపుతామమ్మా!" అన్నారు ఆ ఇంటివాళ్ళు. ఇక లాభం లేదని గురువారం పొద్దున్నే మేధిని స్వయంగా బయల్దేరింది.

ఆ ఇంటి పెద్ద, పసివాడి నాయనమ్మ పేరు లాస్య. ఆ రోజుల్లో నాయనమ్మలందరికీ అలాంటి పేర్లే. లాస్యమ్మ గారు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చి, మంచినీళ్ళిచ్చి, కుర్చీ వేసి, "నువ్వొచ్చావు, అంతే చాలు. మా వాడికి ఇంక భయం లేదు" అంది. పెట్టె శుభ్రంగా నడుస్తోంది. మేధిని దాని మీద కన్నేసి కూర్చుంది.

చుట్టాలు రావడం మొదలుపెట్టారు. ఒక్కో కుటుంబం గడప దాటేకొద్దీ మోత ఒక్కో మెట్టెక్కింది. చివరికి కోడలి తల్లి పళ్ళెం నిండా పళ్ళతో లోపల అడుగుపెట్టింది. "రండి వదినగారూ, రండి!" అంటూ ఎదురెళ్ళిన లాస్యమ్మ గారు, వెళ్తూ వెళ్తూ గోడ మీదికి చెయ్యి చాచి మీట నొక్కేసింది. పెట్టె నోరు మూసుకుంది.

మేధిని ఒక్క ఉదుటున లేచింది. "ఎందుకు ఆపారండీ?"

"ష్! వినపడుతుంది," అని లాస్యమ్మ గారు ఆమెని వంటింట్లోకి లాక్కెళ్ళింది. "ఆవిడ కాలు పెట్టగానే అది గుర్రుమంటే ఏమన్నట్టు? 'నువ్వొచ్చావు గనక మాకు ఊపిరాడట్లేదు' అన్నట్టు కాదూ? నిశ్చితార్థం రోజు అలాగే మోగితే, 'మీ గాలంతా మేమే పీల్చేస్తున్నట్టున్నాం వదినగారూ' అని మొహం మాడ్చుకుంది. ఏ ఇంట్లోనైనా ఇంతేనమ్మా. నలుగురూ వస్తే ఆపేస్తాం. వెళ్ళాక వేస్తాం. అదీ ఒక ఆపడమేనా?"

మేధినికి సంగతి అర్థమైంది. పెట్టె అవసరం ఎప్పుడు ఎక్కువో సరిగ్గా అప్పుడే, గౌరవంగా, ప్రేమగా దాని పీక నొక్కేస్తున్నారు.

"బారసాల నాడూ ఆపారా?" అనడిగింది నెమ్మదిగా.

అడిగాక తెలిసింది, ఆ ప్రశ్న ఎంత పదునైనదో. లాస్యమ్మ గారు అక్కడే పీట మీద కూలబడింది. "నా చేతులతో నేనే... నా మనవణ్ణి..." అంది. మేధినికి జాలేసింది. తన మీద తనకి కోపమూ వచ్చింది. చదివిన చదువంతా పెట్టి యంత్రానికి ముక్కు తొడిగింది గానీ, చుట్టం వచ్చిన ఇంట్లో ఎలా మసలుకోవాలో దానికి నేర్పలేదు.

"తప్పు మీది కాదండీ. మర్యాద తెలియని దాన్ని మీ ఇంటికి పంపింది నేను."

లాస్యమ్మ గారు కళ్ళు తుడుచుకుని లేచింది. హాల్లోకి నడిచి, అందరూ చూస్తుండగా మీట వేసింది. పెట్టె ఇల్లదిరేలా మోగింది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. అనుకున్నా సరే. ఇది మోగకపోతే మన పిల్లాడికి ఊపిరాడదట."

ఆవిడ ఏమీ అనుకోలేదు. పళ్ళెం కింద పెట్టి మనవణ్ణి ఎత్తుకుని, ఆ పెట్టె కిందికే వెళ్ళి నిలబడింది.

ఆరు నెలలు తిరక్కుండా మేధిని చప్పుడు లేని ఊపిరిపెట్టె చేసింది. వందమంది వచ్చినా కిక్కురుమనదు. పెళ్ళిళ్ళలో కళ్ళు తిరిగి పడేవాళ్ళు లేరు, ప్రభుత్వం పెట్టెలు ఊడబీకే మాట ఎత్తడం మానేసింది, అద్వయ్ పాకడం నేర్చాడు. ఇంతకన్నా ఏం కావాలి అనుకుంటుండగా లాస్యమ్మ గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా, ఆ పాత మోత మళ్ళీ పెట్టడం కుదురుతుందా?" గొంతు బాగా తగ్గించి అడిగింది. "ఎప్పుడూ కాదు. నేను నొక్కినప్పుడు మాత్రం."

"అదెందుకండీ?"

"మా వదినగారు మనవణ్ణి చూసిపోదామని వచ్చి నెల దాటింది. వెళ్ళమని నోటితో ఎలా అంటాం?"

మేధిని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వుతూనే ఒక చిన్న మీట చేసి, మర్నాడు తనే వెళ్ళి పెట్టెకి బిగించింది. వదినగారు పిల్లాణ్ణి ఎత్తుకుని పక్కింటికి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది వీళ్ళిద్దరే. లాస్యమ్మ గారు కాఫీ ఇచ్చింది. మేధినికి మాట్లాడే మనిషి దొరికి చాలా కాలమైంది. పొరల సంగతి చెప్పింది, ప్రయోగశాలలో రాజకీయాలు చెప్పింది, కొత్తగా చేయబోయే యంత్రం గురించి మొదలుపెట్టింది.

పెట్టె గుర్రుమంది.

ఇద్దరు మనుషులకి అది మోగదని ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి మేధినే. ఆమె మెల్లిగా కప్పు కింద పెట్టి సంచీ అందుకుంది.

"వెళ్ళొస్తానండీ."

"అయ్యో, అప్పుడేనా!" అంది లాస్యమ్మ గారు, మీట మీద వేలు ఇంకా తియ్యకుండానే. "భోంచేసి వెళుదువు గానీ, కూర్చోమ్మా!"