సిపాయిల కాళ్ళ కింది మట్టి

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద జగదీశ్వర్ శవం దొరికింది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. అతను రక్షణ శాఖ ల్యాబ్‌లో స్టోర్‌కీపర్. రాకెట్లలో వాడే మిశ్రలోహపు పొడి అతని స్టోర్ నుంచి ఒక డబ్బా మాయమైంది. అతని జేబులో పర్సు లేదు. బొటనవేలంత ప్లాస్టిక్ సిపాయి బొమ్మ ఉంది. దాని కంటిపాపను కూడా ఎవరో బ్రష్‌తో దిద్దారు.

బషీర్‌బాగ్ ఆఫీసులో ఇంటెలిజెన్స్ అధికారి కిషన్ రావు ఆ సిపాయిని ఏజెంట్ బాలకిషన్ ముందు నిలబెట్టాడు. విదేశాల్లో పెద్దవాళ్ళు బల్ల మీద పాచికలు వేసి యుద్ధాలాడుకుంటారట. ఆ ఆటలో కాల్బలం ఇదేనట. చిక్కడపల్లిలో అరుంధతి అనే ఆవిడ వీటికి రంగులు వేయించి ఎగుమతి చేస్తోంది. కొనేవాళ్ళలో ఒక విదేశీ ముఠా ఉంది. పొడి ఆ దారిన దేశం దాటకూడదు. అదీ అసైన్‌మెంట్. కోడ్ భాషలో ప్రిలిమ్స్ అంటే నిఘా, మెయిన్స్ అంటే దాడి. గాడ్జెట్‌గా ఒక పెయింట్ బ్రష్ ఇచ్చారు. పిడిలో మైక్రోఫోన్.

వేషానికి కష్టపడలేదు. 2012 వానాకాలం. అశోక్‌నగర్‌లో నలభై దగ్గరపడ్డ మనిషి గడ్డం మాసి, చంకలో గ్రూప్స్ పుస్తకాలతో తిరిగితే ఎవరూ ఏమీ అడగరు. జాలిపడి టీ తాగిస్తారు. బాలకిషన్ విఠల్ అనే పేరుతో హాస్టల్లో దిగాడు. నోటిఫికేషన్ రాక ఖాళీగా కూర్చున్న కుర్రాళ్ళనే అరుంధతి పనిలో పెట్టుకునేది. వారం తిరక్కముందే అతనూ వాళ్ళ వరసలో కూర్చున్నాడు.

పని నేర్చుకున్నాడు. సిపాయిని సోడా మూతకు అంటించి, మూతను పట్టుకోవాలి. సిపాయిని ముట్టకూడదు. ముందు బూడిదరంగు పూత. తర్వాత యూనిఫాం, బెల్టు, బూట్లు. పలచటి నల్లరంగు బట్టల ముడతల్లోకి పారించాలి. చివరికి కళ్ళు. ఒక్క కన్ను చెడితే ముఖమంతా తుడిచి మళ్ళీ వేయాలి. అప్పుడు కాళ్ళ కింది బిళ్ళకు తెల్లజిగురు రాసి, ఇసుక అద్ది, మట్టిరంగు వేస్తే యుద్ధభూమి తయారు.

అరుంధతి గదిలో అడుగుపెడితే రంగుల వాసన పోయి ఫారిన్ సెంటు వాసన వచ్చేది. కుర్రాళ్ళ బ్రష్‌లు గీత దాటేవి. బాలకిషన్ బ్రష్ దాటలేదు. అందం చూసి మెత్తబడే వయసు అతనికి ఎప్పుడో పోయింది.

పక్కన కూర్చునే ప్రేమ్‌సాగర్ ఒకరోజు కళ్ళు నులుముకుంటూ గొణిగాడు.

"కండ్లు పెట్టుడు మనకిచ్చింది. మన్ను అద్దుడేమో మేడమే చేస్తదట, తలుపేసుకొని. గిదేం దుకాణం అన్న?"

బాలకిషన్ చెయ్యి ఆగింది. నిజమే. కళ్ళు దిద్దే కష్టమైన పని కూలివాళ్ళకిచ్చి, పిల్లలు కూడా చేయగలిగే పనిని యజమాని తాళం వేసుకుని ఎందుకు చేస్తుంది? ఆ బిళ్ళల మీద పడేది ఇసుక కాదు.

ఆ సాయంత్రమే ఫోన్ చేసి మెయిన్స్ పెట్టమన్నాడు. కిషన్ రావు నవ్వాడు. అరుంధతి రెండేళ్ళుగా తమకే పనిచేస్తోందని, నిఘా కొనేవాళ్ళ మీదే తప్ప ఆమె మీద కాదని, ఆ ముఠా గుట్టు మోసుకొచ్చేది ఆమేనని అప్పుడు చెప్పాడు. పొద్దున్నే ఆఫీసులో హాజరు కమ్మన్నాడు.

"ఆమె రెండు దిక్కులా తింటుంది సార్."

"ఇది ఆర్డర్, బాలకిషన్."

"మీ ఆర్డర్ మీ దగ్గరే ఉంచుకోండ్రి. నేను పనికి పోతున్న."

మర్నాడు వాన. కింద ఆటో ఆగింది. సూటు వేసుకున్న కొరియర్ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సాయంత్రం ఫ్లైటట. తయారైన సిపాయిలు ఒకే పెట్టెలో ఉన్నాయి. మూత వేసే నెపంతో బాలకిషన్ ఒక బిళ్ళను నొక్కి చూశాడు. మెత్తగా దిగింది. ఈ ముసురుకు జిగురు ఆరలేదు. ఆరేదాకా ఆగే తీరిక ఆమెకు లేదు.

పెట్టె ఎత్తి, బ్రష్‌లు కడిగే బకెట్ మీదికి పట్టుకున్నాడు. చెవి మీద మైక్రోఫోన్ బ్రష్ ఉంది. అవతల ఎవరైనా వింటున్నారో లేదో తెలియదు.

అరుంధతి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "కింద పెట్టు విఠల్."

"మన్నే గద మేడం. తడిస్తే ఏమైతది?"

"ఆ పొడి కోసం ఒకణ్ణి పైకి పంపించేసిన. నిన్ను పంపలేననుకున్నవా?"

"పొడి ఏంది మేడం? నేను మన్ననుకుంటున్న."

ఆమె ముఖంలో రంగు మారింది. బాలకిషన్ పెట్టె బోర్లించాడు. నీళ్ళలో మట్టిరంగు విడిపోయింది, జిగురు పాలలా విరిగింది. అడుగున బూడిదరంగు లోహం తళతళలాడింది.

పిస్టల్ అతని గుండెకు గురిపెట్టింది. అప్పుడు ప్రేమ్‌సాగర్ లేచి, కొరియర్‌ను గదిలోకి లాగి గడియ పెట్టాడు. వరసంతా లేచింది. ఎవరూ అరవలేదు. బ్రష్‌లు చేతుల్లోనే ఉన్నాయి.

"అందరినీ కాలుస్తవా మేడం?" ప్రేమ్‌సాగర్ అడిగాడు. "కాల్చు. మేం కొత్తగా చచ్చేదేముంది?"

పిస్టల్ ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి తిరిగింది. ఆ ఒక్క క్షణం చాలు. బాలకిషన్ ఆమె మణికట్టు మీద కొట్టాడు. గుండు సీలింగ్‌లోకి పోయింది. కిషన్ రావు జీపు వచ్చేసరికి అరుంధతి, కొరియర్ ఇద్దరూ కుర్చీలకు కట్టేసి ఉన్నారు. పొడి బకెట్లోనే ఉంది. బ్రష్‌లోంచి అంతా విన్నానని కిషన్ రావు చెప్పాడు. బాలకిషన్ చెవి మీది బ్రష్ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

మూడో రోజున హాస్టల్‌కు రిపోర్ట్ వచ్చింది. అరుంధతి మీద కిషన్ రావుకు మొదటి నుంచీ అనుమానమేనని, దాడి ఆయన ఆదేశం మీదే జరిగిందని అందులో ఉంది. సాక్షిగా సంతకం కావాలి.

బాలకిషన్ చదివాడు. చేతికి జిగురంటింది, రాయడానికి రాదని చెప్పి కాగితం వెనక్కి పంపాడు.