దాచిన రెండో నెల

"ఏమైందే జ్యోతీ? జెన్నీ తలకాయల ఏం లేదన్నరు గద! మూడు దినాల సంది మెతుకు ముట్టవేంది?"

అత్త విమలమ్మ అలా అడిగేసరికి ప్రేమజ్యోతి చేతిలోని చాట జారిపోయింది. బియ్యం నేలపాలయ్యాయి. ఆమె ఏరలేదు. అక్కడే కూలబడి ఏడ్చింది...

మూడు రోజుల కింద ఊరవతలి ఫామ్‌హౌస్ గేటెక్కి పడి వాంతులు చేసుకున్న ఐదేళ్ల జెన్నీ ఇప్పుడు వాకిట్లో కోడిపిల్లల్ని తరుముతోంది. చేవెళ్లలో తీసిన సీటీ స్కాన్‌లో ఏ దెబ్బా లేదు. కనకమామిడిలోని ఆ ఇంట్లో సంతోషం లేనిది ఒక్క ఆ తల్లికే!

"పాపం చేసిన అత్తమ్మా! మిషిన్ల పండుమంటే పిల్ల గుక్కపట్టె. నన్ను పక్కన నిలవడి పట్టుకొమ్మన్నరు. ఎక్స్‌రేలు తాకొద్దని సీసం కోటు తొడిగిండ్రు. నేను... అది ఇప్పి జెన్నీ కడుపు మీద కప్పిన! అద్దం అవతలాయన చూసేలోపే అయిపాయె. ఆ గాబరల నా కడుపుల ఇంకో పాణమున్నదని యాదికే రాలే...! ఎట్ల పుడ్తదో ఏమో. కడుపు తీపిచ్చుకుంట అత్తమ్మా..."

విమలమ్మ ముఖం పాలిపోయింది. ఆ రోజు గది బయట టెక్నీషియన్ రంజిత్ అడిగాడు, "అక్కా, ప్రెగ్నెంటా?" అని. కోడలు తనవైపు చూసింది. పక్క కుర్చీలో ఊరి అంజయ్య, కాలికి కట్టుతో. "అసుంటిదేం లేదు" అన్నది కోడలు కాదు... తను! పోయినసారి రెండో నెలలోనే అందరికీ చెప్పుకుంటే కడుపు నిలవలేదు. మూడు నిండేదాకా నోరు విప్పొద్దని మాట తీసుకున్నదీ తనే!

"నోర్ముయ్. చెప్పులు తొడుక్కో."

చేవెళ్ల స్కానింగ్ సెంటర్ నిండా జనం. కాలికి మళ్లీ ఎక్స్‌రే తీయించుకోవడానికి అంజయ్య కూడా వచ్చాడు.

"మళ్లొచ్చిండ్రేంది అవ్వా?" అన్నాడు రంజిత్.

విమలమ్మ అందరికీ వినబడేలా చెప్పింది. "నా కోడలుకు రెండో నెల, బిడ్డా! ఆ రోజు నేను అబద్ధమాడిన. తప్పు నాది!"

"గీ ముచ్చట మాకు దాస్తివా విమలక్కా?" అన్నాడు అంజయ్య.

"నీకు జెప్తే మొయినాబాద్ దాక డప్పు గొడ్తవని!" అంది, కళ్లు తుడుచుకుంటూ.

డాక్టర్ సమత కంప్యూటర్‌లో జెన్నీ స్కాన్ వివరాలు తెరిచి చూసింది. "పిల్లలకు పెట్టే తక్కువ డోసే పెట్టినం. తలకు ఒక్కసారే తీసినం. పక్కకు చెదిరి నీ కడుపు దాక వచ్చింది చానా కొంచెం. దానికి బిడ్డను తీసేసుకునుడేంది తల్లీ! కానీ ఆ రోజే నిజం చెప్తే నిన్ను లోపలికి రానియ్యకపోదుము. మీ అత్తమ్మ పట్టుకునేది."

"నేను పట్టుకునేదాన్ని గద..." విమలమ్మ కోడలి చేతుల్లో ముఖం దాచుకుని వెక్కింది. "నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా!"

"ఆయన అడగంగనే నేనే చెప్పాల్సింది అత్తమ్మా..." జ్యోతి ఆమె తల నిమిరింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది.

బయటికి వస్తుంటే రంజిత్ ఇంకో పడుచుపిల్లను "ప్రెగ్నెంటా?" అని అడుగుతున్నాడు. పక్కనున్న పెద్దామె, "లేదు, లేదు" అంటోంది.

విమలమ్మ ఆగిపోయింది.

"అమ్మా, జర నువ్వాగు... ఆ పిల్లను చెప్పనియ్యి!"