మనసు మార్చుకునే కస్టమర్లు

"మీ ఎగ్జాంపుల్ యాప్‌లో దుకాణం ఉంది గానీ, మనుషులు లేరండి."

డెవలపర్ల సమావేశంలో వెనక వరుసలోంచి ఓ అమ్మాయి ఆ మాట అనగానే వేదిక మీదున్న అతను తడబడ్డాడు. మాట్లాడడం అసలే తక్కువని స్నేహితులు అతన్ని మౌని అంటారు. వెబ్‌సైట్లు కట్టుకోవడానికి ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసి, ఉద్యోగం చేసుకుంటూనే కొన్నేళ్లుగా దాన్ని సాకుతున్నాడు. కొత్తవాళ్లు చూసి నేర్చుకోవాలని చిన్న దుకాణం యాప్ కూడా జతచేశాడు.

"లేకేం? కస్టమర్-ఒకటి, కస్టమర్-రెండు ఉన్నారుగా" అన్నాడు.

హాలంతా గొల్లున నవ్వింది.

"వాళ్లొస్తారు, కొంటారు, పోతారు. మా నాన్న బేకరీలో అలాంటి కస్టమర్‌ని నేనెప్పుడూ చూళ్లేదు. ఓసారొచ్చి కూర్చోండి."

వెళ్లకూడదనుకున్నాడు. ఆదివారం వానలో తడుస్తూ మరీ వెళ్లాడు.

ఆమెను ఇంట్లో బుల్లెమ్మ అంటారు. వారమంతా ఓ కంపెనీలో ప్రోగ్రామర్, ఆదివారం నాన్న కౌంటర్లో. తల తుడుచుకోమని టవల్ ఇచ్చి, ఫోనెత్తింది. మాట్లాడి పెట్టేసి అతని వైపు తిరిగింది.

"పెళ్లిరోజు కేకు. భార్య పేరు ముందు రాయమని పొద్దున భర్త ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆయన పేరే ముందుండాలని ఆవిడ. ఒకళ్లకు తెలీకుండా ఒకళ్లు. మీ యాప్ ఏం చేస్తుంది?"

"చివర ఎవరు మారిస్తే వాళ్లదే ఉంటుంది. మొదటి మార్పు పోతుంది."

"పోయిందని ఆయనకు చెప్పదా?"

"చెప్పదు."

"పాపం కదండీ."

మౌని నవ్వేశాడు. ఆ సాయంత్రమే పాత యాప్ పక్కనపెట్టి, ఆర్డర్ ఎవరు మార్చినా రెండోవాళ్లకు చెప్పే బేకరీ యాప్ మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం ఓవెన్ వెచ్చదనంలో, వెన్న వాసనలో, రెండు లాప్‌టాప్‌లు, బోలెడు వాదనలు. ఆమె చూడనప్పుడు అతను చూసేవాడు. అతను చూస్తున్నాడని తెలిసి ఆమె కోడ్‌లో లేని తప్పులు వెతికేది.

పని ముగింపుకొచ్చాక ఓ రోజు అతనన్నాడు: "ఇది అయ్యాక ప్రాజెక్ట్ ఆపేస్తానండి. ఫిర్యాదులు తప్ప ఏమీ రావు. ఎవరికోసం చేస్తున్నానో తెలీడం లేదు."

ఆమె ముఖం మాడిపోయింది. లాప్‌టాప్ మూసి లోపలికెళ్లిపోయింది. ఏం తప్పన్నానా అని అతను బిక్కచచ్చిపోయాడు. కాసేపటికి ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది.

"చదువయ్యాక ఏడాది ఖాళీగా ఉన్నాను. కోర్సులకు పెట్టే స్తోమత లేదు. మీరు రాసిందే చదివి నేర్చుకున్నా. ఈ ఉద్యోగం దాంతోనే వచ్చింది. ఆ ఎగ్జాంపుల్ బుర్రకెక్కక ఎంత ఏడ్చానో. నా తర్వాతవాళ్లు ఏడవకూడదనే అందరి ముందూ అడిగాను."

"ఆరోజే చెప్పొచ్చుగా?"

"కొత్త మనిషికి థాంక్స్ చెప్పడం కంటే పోట్లాడడం తేలికండి."

తప్పులు ఎత్తిచూపినవాళ్లే గాని, నీవల్ల బాగుపడ్డానన్న మనిషి అతనికి ఇన్నేళ్లలో ఎదురుపడలేదు. ఆమె మూసిన లాప్‌టాప్ మళ్లీ తెరిచాడు.

"ఆపను. కానీ మీరు లేకుండా చెయ్యలేను. ప్రాజెక్టే కాదు... ఏదీ."

"ఇది ప్రపోజలా, బగ్ రిపోర్టా?"

"ఫిర్యాదు కాదు, కోరిక. ఫీచర్ రిక్వెస్ట్ అనుకోండి."

"ఆలోచించి చెప్తా" అంది, నవ్వు దాచుకుంటూ.

బేకరీ యాప్ విడుదలయ్యాక ఎక్కడెక్కడి వాళ్లో రాశారు: మొదటిసారి అర్థమైందని, పేర్ల గొడవ దగ్గర నవ్వొచ్చిందని. ఆదివారం ఆ ఉత్తరాలన్నీ ఆమె పైకి చదువుతుంటే, వాళ్ల నాన్న పిండి చేతులతోనే వచ్చి విన్నాడు. తను నేర్చుకున్నదీ ఇతను రాసిందేనని ఆమె చివర్న చెప్పింది.

"ఆ ఏడాది మా బుల్లెమ్మ నవ్వడమే మానేసింది బాబూ. మళ్లీ నవ్వించింది నువ్వని ఇప్పుడే తెలిసింది. నీకేమిచ్చినా తక్కువే."

"మీ అమ్మాయిని చేసుకోవాలనుంది బాబాయ్" అన్నాడు మౌని, తనే ఉలిక్కిపడుతూ.

"నన్నడుగుతావేం? దాన్నడుగు."

"అడిగాను. ఆలోచిస్తానంది."

"ఆలోచించేశాను నాన్నా" అంది ఆమె, స్క్రీన్ మీంచి కళ్లెత్తకుండా. చెవులు ఎర్రబడ్డాయి.

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అయితే ముందా బాబాయ్ అనడం మానెయ్యి. మామయ్యా అను."

"థాంక్స్... మామయ్యా" అన్నాడతను.