పెంట్‌హౌస్ అమ్మాయి, పావురాల డాక్టరు

"మేడం, మీ జెండా దించండి! నా పిల్లలు ఇంటికి రావడం లేదు!"

తలుపు తీసిన యుమ్నా బిత్తరపోయింది. ఎదురుగా పళ్ళ డాక్టరు తెల్లకోటులో ఓ యువకుడు. గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. మెడలో ఈల వేలాడుతోంది.

"జెండా ఏమిటండీ? ఇదేమైనా మంత్రిగారి బంగళానా?"

"మరి మీ టెర్రస్ మీద ఎర్రగా ఎగురుతున్నదేమిటి?"

"టేబుల్ గుడ్డ. నాన్న దానిమీద టీ ఒలకబోశారు. ఉతికి గొడుగు కర్రకి కట్టాను. నైలు గాలికి చిటికెలో ఆరుతుందని."

"గుడ్డ ఆరిందేమో గానీ నా కొంప మునిగింది!"

అతను అనుమతి కోసం ఆగలేదు. బూట్లు గుమ్మంలోనే విడిచి టెర్రస్ వైపు పరుగెత్తాడు. హాల్లో సోఫాకి అతుక్కుని కూర్చున్న యుమ్నా వాళ్ళమ్మ సాఫినాజ్ అక్కణ్ణుంచే కేకేసింది. "ఎవరే అది? ఎవరైనా సరే, రెయిలింగ్ దగ్గరికి పోనివ్వకు!"

బయట, పొద్దు వాలుతున్న కైరో ఆకాశంలో పావురాల గుంపు గుండ్రంగా తిరుగుతోంది. దిగబోతుంది, మళ్ళీ లేస్తుంది.

"చూశారా? ఎర్రగుడ్డ ఊపితే దిగొద్దని, దించితే గూటికి రమ్మని వాటికి నేర్పాం. నా గుడ్డ ఎప్పుడో దించేశాను. అవి మీ గుడ్డ చూసి తిరుగుతూనే ఉన్నాయి. అలిసిపోయి అవతల ఇంబాబా పేటలో ఇంకెవరి గూట్లోనో వాలాయంటే వాడివే. అడిగితే నవ్వుతాడు. కైరోలో ఇది పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు."

"నేను పుట్టింది షుబ్రా సందుల్లో, కింది అంతస్తులో. మా కిటికీలోంచి పక్కింటివాళ్ళ తడిబట్టలు తప్ప ఆకాశం కనిపించేది కాదు," అంది యుమ్నా కోపంగా. అంటూనే గుడ్డ ముడి విప్పింది.

గుంపు ఒక్కసారి వంగింది. వెనక వీధిలోని పాత మేడ మీద, చెక్కలతో కట్టిన ఎత్తైన గూటిలోకి బిలబిలమంటూ దిగిపోయింది. అతను గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పుడు చూసుకున్నాడు కోటు గుండీలు.

"నా పేరు హాతెం. కింద వీధిలోనే క్లినిక్. ఒకాయన్ని నోరు తెరిపించి వచ్చేశాను."

"ఇంకా తెరిచే ఉన్నాడా?"

"అయ్యో!" అంటూ లిఫ్టు దాకా పరుగెత్తాడు. బూట్లు ఇక్కడే వదిలేశాడు.

ఆ బూట్ల కోసం మర్నాడు వచ్చాడు. ఆ తర్వాత రావడానికి బూట్లు అవసరం లేకపోయింది.

సాయంత్రాలు అతను తన మేడ మీద గుడ్డ ఊపుతూ, ఆమె తన టెర్రస్ మీద టీ తాగుతూ ఫోన్‌లో మాట్లాడుకునేవారు. ఎదురెదురుగా కనబడుతూనే.

"పైన ఆక్సిజన్ సరిపోతోందా రాణిగారూ?"

"నీకు కావాలంటే సీసాలో పట్టి కిందికి పంపిస్తా."

"అంత ఎత్తున ఏముందోయ్? కూరలమ్మేవాడి కేక కూడా వినబడదు."

"అదే ఉంది! ఇక్కడ పొద్దున్నే నిద్ర లేపేది కేకలు కాదు, వెలుతురు. స్నానం చేస్తుంటే కిటికీలోంచి నైలు కనిపిస్తుంది. చలికాలం దుమ్ము లేని రోజున పిరమిడ్లు కనిపిస్తాయి, వేలితో తీసి జేబులో వేసుకోవచ్చన్నంత చిన్నగా. రాత్రి వంతెన మీద కార్లు పోతుంటే ఊరంతా నా కోసమే దీపాలు పెట్టుకున్నట్టుంటుంది. నవ్వకు! ఇరవై ఏళ్ళు సందులోకి చూసి పెరిగినదాన్ని. ఈ పెంట్‌హౌస్ అంటే నాకు పిచ్చి. దాచుకోను."

అతను నవ్వలేదు. గుడ్డ ఊపడం మర్చిపోయి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. పావురాలన్నీ ముందుగానే దిగిపోయాయి.

ఆ పెంట్‌హౌస్ కెప్టెన్ రుష్దీ కొన్నది. యుమ్నా నాన్న. బతుకంతా ఓడల మీద తిరిగి, దాచిందంతా పోసి భార్యకి అంత ఎత్తున ఇల్లు కానుకగా ఇచ్చాడు. ఆవిడ మాత్రం ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ సోఫా దాటి టెర్రస్ వైపు అడుగు వెయ్యలేదు. గ్లాసులో నీళ్ళు కదిలితే మేడ ఊగుతోందనేది. పెద్దకూతురి కొడుకు వస్తే వాడి నడుముకి ఓణీ కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకునేది. వాడు నిద్రపోతున్నా సరే.

ఒక శుక్రవారం హాతెం ఫోన్ చేశాడు. "మీ అమ్మగార్ని తీసుకుని రా. ఒకటి చూపించాలి."

చూపించింది ఇల్లు. పెళ్ళికని అతను కొన్నది. ఊరు దాటి ఎడారి వైపు కొత్తగా కట్టిన కాలనీలో. కింది అంతస్తు, ముందు చాపంత తోట.

"ఎలా ఉంది?" అన్నాడు, పరీక్ష బాగా రాసిన కుర్రాడిలా.

యుమ్నా కిటికీ తెరిచింది. "గోడ బావుంది."

"గోడ కాదు, ఇల్లు!"

"కిటికీలోంచి గోడే కనిపిస్తోంది మరి. పావురాలు ఎక్కడుంటాయి?"

"ఇక్కడ గూడు కట్టనివ్వరు. మా తమ్ముడికి ఇచ్చేస్తున్నా."

ఆమె కిటికీ ధడాలున మూసింది. "పావురాల్ని వదిలి నువ్వు, ఆకాశాన్ని వదిలి నేను. ఇద్దరం ఈ గోడకి ఎదురుగా కూర్చుని ఏం చేద్దాం? సున్నం పెచ్చులు లెక్కపెడదామా? మా ఇంట్లోనే ఉండొచ్చుగా హాతెం. అన్ని గదులున్నాయి."

"ఇల్లరికమా!" అతని చెవులు ఎర్రబడ్డాయి. "అబ్బాయి ఇల్లు తేవాలి. ఇక్కడ ఎవరినైనా అడుగు. ఇల్లు లేనివాడికి పిల్లనిచ్చే తండ్రి ఉన్నాడా? రేపు క్లినిక్‌కి వచ్చిన ప్రతివాడూ నోరు తెరిచి, 'అత్తారింటి గాలి ఎలా ఉంది డాక్టరుగారూ' అంటాడు."

"నోట్లో దూది కుక్కు!"

"నా నోట్లోనా, వాళ్ళ నోట్లోనా?"

"ఇద్దరి నోట్లోనూ!"

విసురుగా బయటికొచ్చింది యుమ్నా. అమ్మ కనిపించదే! చూస్తే తోటలో ఉంది. చెప్పులు విడిచి, మట్టిలో ఉత్త కాళ్ళతో నిలబడి, గోడ అవతలి పెద్దావిడతో ద్రాక్షాకుల్లో చుట్టి వండే వంటకానికి బియ్యం ఎంత పట్టాలో వాదిస్తోంది.

"అమ్మా, పద."

"ఉండవే. ఇంకా తేలలేదు."

ఆ తర్వాత వారం ఫోన్ మోగలేదు. యుమ్నా టెర్రస్ మీద కూర్చునేది. నైలు అక్కడే ఉంది, వంతెన దీపాలు అక్కడే ఉన్నాయి. ఎదురు మేడ మీద అతను ఇటు వీపు పెట్టి గుడ్డ ఊపేవాడు. ఆ వీపు చూస్తుంటే నైలు కూడా చప్పగా అనిపించింది. ఒక సాయంత్రం కళ్ళు తుడుచుకుని వెళ్ళి నాన్నతో చెప్పేసింది. "వాళ్ళని రమ్మనండి. గోడ ఇంటికే వెళ్తాను. గోడ మీద నైలు బొమ్మ నేనే వేసుకుంటా."

కెప్టెన్ వెంటనే హాతెం వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు.

శుక్రవారం నమాజు అయ్యాక హాతెం, వాళ్ళమ్మ బస్బూసా మిఠాయి పెట్టెతో వచ్చారు. కెప్టెన్ గొంతు సవరించుకుని, అడగాల్సిన ప్రశ్న అడిగాడు. "నాయనా, ఇల్లు ఎక్కడ?"

హాతెం టీ ట్రేతో వస్తున్న యుమ్నాని చూశాడు. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఉంది సార్. కానీ అమ్మేస్తాను. అది మీ అమ్మాయికి సరిపడదు. ఎక్కడో పైన, ఒక గదైనా సరే, కిటికీ ఉన్నది వెతుకుతా. కొంచెం టైమివ్వండి."

"వద్దు, అమ్మొద్దు! నేను ఆ ఇంటికే వస్తానని నాన్నతో చెప్పేశాను," అంది యుమ్నా. ట్రేలో కప్పులు గలగలమన్నాయి.

"అమ్మకండి," అని ఇంకో గొంతు వినబడింది. సోఫాలోంచి సాఫినాజ్ లేచి నిలబడింది. "ఆ ఇల్లు నాకు కావాలి."

అందరూ అటు తిరిగారు.

"నీకా?" అన్నాడు కెప్టెన్.

"నాకే. తోట ఉంది, పుదీనా వేసుకుంటా. పక్కావిడ ఉంది, దెబ్బలాడుకోవడానికి. మనవడు పడితే మట్టిలో పడతాడు. ఇక్కడ నాకు కళ్ళు మూసుకుంటే గుండె జారిపోతోందండీ. నన్ను నేనే ఓణీతో మంచానికి కట్టుకుని పడుకుంటున్నాను."

కెప్టెన్ చాలాసేపు భార్య కాళ్ళ వైపు చూశాడు. "ఓడలో పైనుండే గది నుంచి నేను చూసినవన్నీ నీకు చూపించాలనుకున్నాను సాఫీ."

"మీరు పైన తిరిగినన్నాళ్ళూ నేను కిందే ఎదురుచూశాను కదా. నాకు నేలే అలవాటైంది. నేలే ఇష్టం."

ఆయన తలూపాడు. చేతిరుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత ఓడ తిప్పమని చెప్పే గొంతుతో అన్నాడు. "డాక్టరూ! నీ ఇల్లు నాకు రాసివ్వు. నా ఇల్లు నీకు రాసిస్తాను. ఎక్కువతక్కువలంటావా, చచ్చేదాకా మా ఇద్దరి పళ్ళూ నీ పూచీ."

"సార్, నైలు ఎదురుగా ఉన్న పెంట్‌హౌస్‌కి..."

"నా పళ్ళు నువ్వింకా చూళ్ళేదు. చూశాక నువ్వే ఇంకా ఎదురు డబ్బిమ్మంటావు."

హాతెం వాళ్ళమ్మ అప్పటిదాకా బిగపట్టిన నవ్వు వదిలేసింది. "బాగుంది! మావాడు ఇల్లరికం వెళ్ళడం లేదు. వదినగారే వాడింటికి ఇల్లరికం వస్తున్నారు! నేను మా ఆడపడుచులకి దర్జాగా చెప్పుకోవచ్చు."

అందరూ చేతులు చాచి, పెళ్ళి మాట ఖాయం చేస్తూ ఫాతిహా చదివారు. 'ఆమీన్' అన్నారో లేదో, సాఫినాజ్ నాలుక ఆడించి వేసిన మంగళధ్వనికి కింద కాపలావాడు లిఫ్టులో పైకొచ్చి ఏమైందని అడిగాడు. అతనికీ మిఠాయి పెట్టారు.

పెద్దవాళ్ళు ఏ సామాను ఎవరిదో తేల్చుకుంటుంటే ఇద్దరూ టెర్రస్ మీదకి జారుకున్నారు. ఎండ మెత్తబడింది. కింద నది మీద తెరచాప పడవ ఒకటి సోమరిగా పోతోంది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు," అన్నాడు హాతెం. "నువ్వు ఒప్పుకుంది నన్ను చూసా, ఈ మేడని చూసా?"

"మేడని చూసే," అంది యుమ్నా తడుముకోకుండా.

అతని మొహం వాడిపోయింది.

ఆమె అతని కోటు పైగుండీ సరిచేసి, రెయిలింగ్ మీద మోచేతులాన్చింది. "నువ్వు కనబడింది ఈ మేడ మీంచేగా, వెర్రి మొహమా."