గ్రూపులో లేని మామ్మగారు

"అమ్మా, రాజమండ్రి పెళ్ళివాళ్ళు ఓకే అన్నారు. ఆర్డర్ మనకే."

ఆశాజ్యోతి ఫోన్ పట్టుకుని వంటగదిలోకి పరిగెత్తింది. అమ్మ ప్రసన్నకుమారి కింద కూర్చుని పూతరేకులు చుడుతోంది. చేతులనిండా నెయ్యి, బెల్లం పొడి. మెడ సాచి మెసేజ్ చదివింది. ఆదివారం పొద్దుటికి కావాలట. భోజనాలయ్యాక ఒక్కొక్కరికీ ఒక చిన్న పెట్టె ఇస్తారట.

"ఇంత పెద్ద ఆర్డర్ మనకెప్పుడూ రాలేదే" అంటూ అమ్మ గోడకి జారబడి, నొప్పిగా ఉన్న మోకాలు చాపుకుంది. ముఖం నవ్వుతోంది గాని, గొంతులో ఓపిక లేదు.

ఆ ఆర్డర్ రావడానికి కారణం ఆశాజ్యోతి తీసిన ఫోటో. ఒక రేకుని కిటికీ దగ్గర ఎండకి పట్టుకుంటే, దానిలోంచి పెరట్లో మందార చెట్టు కూడా కనపడింది. ఫోటో చూసి పెళ్ళికూతురు ముచ్చటపడిపోయిందట. ఏడో తరగతి పిల్లకి అంతకంటే ఏం కావాలి?

చుట్టేది అమ్మే అయినా, రేకులు తీసేది ఆత్రేయపురంలో వాళ్ళ వీధి ఆడవాళ్ళు. ఎవరింట్లో వాళ్ళు తీస్తారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండమీద ఒక్కసారి అలా లాగితే రేకు వచ్చేస్తుంది. పొద్దున్నే పిండి రుబ్బాలంటే ముందురోజు సాయంత్రమే బియ్యం నానాలి. అందుకే అమ్మ రోజూ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చేది.

మోకాళ్ళ నొప్పులతో ఆ తిరుగుడు కష్టమైపోయింది. నాన్నేమో మండపేట మిల్లులో పని, వారానికోసారి గాని రాడు. అప్పుడు ఆశాజ్యోతే వాట్సాప్ గ్రూపు పెట్టింది. తను ఒక్క మెసేజ్ పెడితే చాలు, అందరూ బొటనవేలు బొమ్మ పెట్టేవారు. అమ్మకి నడక తప్పింది. వీధిలో అందరూ ఆశాజ్యోతిని "మేనేజరుగారు" అని ఆటపట్టించేవారు. ఆ పిలుపు తనకి భలే నచ్చింది.

"పెళ్ళి ఆర్డర్ కదా. వీధి చివర పెద్దింట్లమ్మ పిన్నిగారి పల్చటి రేకులుంటేనే గట్టెక్కుతాం" అంది అమ్మ. "ఈమధ్య ఆవిడ రేకులు రావట్లేదేంటి? కూతురి ఊరు వెళ్ళారేమో అనుకున్నాను."

అప్పుడే పక్కింటి రామతులసి తను తీసిన రేకుల డబ్బాతో గుమ్మంలోకి వచ్చింది.

"ఊరెళ్ళడం ఏంటి వదినా, ఇంట్లోనే ఉన్నారు. రేపట్నుంచి సెంటర్లో కొత్త షాపుకి తీస్తారట. మీరే మానిపించేశారంటున్నారు."

అమ్మ చేతిలో రేకు ముక్కలైంది. "నేనా?"

ఆశాజ్యోతికి అప్పుడు గుర్తొచ్చింది. పెద్దింట్లమ్మ గారిది బటన్ల ఫోన్. గ్రూపు పెట్టినరోజున ఆవిడకి విడిగా వెళ్ళి చెప్పాలనుకుంది. ఆరోజు కుదరలేదు. మర్నాడు చిన్న ఆర్డరే కదా, మిగతావాళ్ళు చాల్లే అనుకుంది. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయింది.

ఆ మాట అమ్మకి చెప్పేసింది. అమ్మ తిట్టలేదు. గోడ పట్టుకుని మెల్లగా లేవబోయింది. అది చూస్తే తిట్టినా బాగుండేది అనిపించింది.

"నువ్వు కూర్చో అమ్మా. నేను వెళ్తాను."

వీధి చివర ఇల్లు. అరుగు మీద పెద్దింట్లమ్మ గారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. వెనక పొయ్యిలో బూడిద కూడా లేదు. కుండమీద తుండుగుడ్డ కప్పి ఉంది.

"మేనేజరుగారు ఇటొచ్చారేంటో" అన్నారావిడ. రోజూ అందరూ అనే మాటే. ఈసారి మాత్రం ఆశాజ్యోతికి నవ్వు రాలేదు.

"మామ్మగారూ, అమ్మ మిమ్మల్ని మానిపించలేదండి. నేనే మీకు చెప్పలేదు. గ్రూపులో మీరు లేరని తెలుసు. వచ్చి చెప్పాలని కూడా తెలుసు. రాలేదు."

ఆవిడ తన అరచేతులు చూసుకున్నారు. వేడికి కమిలి కమిలి నల్లబడిన చేతులు.

"మీ అమ్మ గుమ్మంలోకొచ్చి, పిన్నిగారూ బియ్యం నానబోసుకోండి అనేది. ఆరోజు ఆ మాట రాలేదు. అలవాటు కొద్దీ పోసేశాను. పొద్దున్నే పిండి రుబ్బుకుని, మీ కబురు కోసం మధ్యాహ్నం దాకా చూశాను. పులిసిపోయింది, పారబోశాను. నా చేతులు ముసలివైపోయాయి, రేకు మందంగా వస్తోంది కాబోలు, ఆ మాట మొహాన చెప్పలేక మానేశారు అనుకున్నానే."

ఆశాజ్యోతి ఆవిడ పక్కనే అరుగు మీద కూర్చుంది. కాసేపటికి పెళ్ళి ఆర్డర్ సంగతి చెప్పి, శనివారం రేకులు తీసిపెడతారా అని చిన్నగా అడిగింది. కొత్త షాపు సంగతి మాత్రం అడగలేదు.

"రేపు కొత్త షాపుకి తీయాలి. మాటిచ్చాను, తప్పను. ఎల్లుండి సంగతి నువ్వు రేపు సాయంత్రం వచ్చి చెప్పు. వస్తే బియ్యం పోస్తాను. రాకపోతే లేదు."

"ఇప్పుడే చెప్తున్నాను కదా మామ్మగారూ."

"ఇప్పుడు నీకు పనిబడి వచ్చావు. రేపు చూస్తాను."

ఆశాజ్యోతి తలూపి లేచింది. ఇంటికొచ్చేసరికి అమ్మ ఇంకా గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఏమన్నారని అడిగితే అన్నీ చెప్పింది, చేతుల సంగతితో సహా. అమ్మ కళ్ళు మూసుకుని తల గుమ్మానికి ఆనించింది.

"మరి గ్రూపు తీసేస్తావా?"

"వద్దమ్మా, నీ మోకాళ్ళకి అది కావాలి. కానీ రేపు బడి వదలగానే నేను ముందు మామ్మగారి గుమ్మంలోకి వెళ్తాను. ఆవిడ బియ్యం నీళ్ళలో పోశాకే గ్రూపులో మెసేజ్ పెడతాను."