పుల్ల బరువు పెరిగిన పన్నెండు వారాలు

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఆ ఇంట్లో ఎవరి పనిలో వాళ్ళున్నారు. కోడలు వారానికి సరిపడా బట్టలు ఇస్త్రీ చేస్తోంది. పదేళ్ళ మనవరాలు బూట్లకు రంగు పూస్తూ సగం తన మోకాళ్ళకే పూసుకుంది. అత్తగారు బాల్కనీలో కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. లిఫ్టు మెకానిక్ అయిన కొడుకు మాత్రం ఎక్కడో పాత లిఫ్టు విప్పాలని ఫోనొస్తే ఆరింటికే వెళ్ళాడు. అతను తిరిగొచ్చేసరికి భుజాన పనిముట్ల సంచి లేదు. రెండు చేతుల్లో పాత కోటు చుట్టిన మూట ఉంది.

"నాన్నా, అది కదులుతోంది" అంది మనవరాలు.

జనం ఖాళీ చేసి వెళ్ళిపోయిన భవనంలో, మేడ మీది మోటారు గదిలో దొరికిందట. కావాలని వదిలేశారో, తలుపు మూసుకుపోయి ఇరుక్కుందో తెలియదు. కోటు విప్పితే లోపల గోధుమ రంగు ఆడకుక్క. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టవచ్చు. నిలబడలేక కూలబడింది గానీ తోకను మాత్రం నేలకేసి టపటపా కొడుతూనే ఉంది. మనవరాలు అక్కడికక్కడే దానికి పుల్ల అని పేరు పెట్టేసింది.

అత్తగారు బఠానీల గిన్నె పక్కన పడేసి లేచింది. ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో ముప్పై ఏళ్ళు వంట చేసిన మనిషి ఆమె. భర్త పోయాక, ఎనిమిది నెలల కిందట కొడుకు దగ్గరికి వచ్చేసింది. బక్కచిక్కిన ప్రాణి కంటపడితే ఆమె చెయ్యి దానంతటదే గరిటె కోసం వెతుకుతుంది. కోడలిది మరో తీరు. మందుల షాపులో పని. చుక్క ఎక్కువైనా, చుక్క తక్కువైనా ఒప్పుకోదు. ముందు డాక్టరుకు చూపించకుండా ఏమీ పెట్టొద్దని గట్టిగా చెప్పి, తనే పుల్లను ఒళ్ళో పెట్టుకుని బయల్దేరింది.

పశువుల డాక్టరమ్మ తూకం వేస్తే పదకొండు కిలోలు తేలింది. ఉండాల్సింది పదిహేడు. రక్తం తీసి చూసి, పురుగుల మందు ఇచ్చి, తిండి సంగతి దగ్గర కూర్చోబెట్టి చెప్పింది.

"చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే ప్రాణం మీదికి వస్తుంది. కొంచెం కొంచెంగా, రోజుకు నాలుగు సార్లు పెట్టండి. వారం తర్వాత కొలత పెంచుదాం. వెన్న, నూనె, ఉల్లిపాయ, ఉడికిన ఎముకలు దగ్గరికి కూడా రానివ్వొద్దు."

ఆ రోజు ఇంట్లో హడావుడి అంతా ఇంతా కాదు. చర్మం, కొవ్వు తీసేసిన కోడిమాంసం ఉడికింది, అన్నం మెత్తగా ఉడికింది. కోడలు గ్రాములు చూసి నాలుగు గిన్నెల్లో సర్దింది. పుల్ల మొదటి గిన్నె ఖాళీ చేసిందని మనవరాలు మెట్లు దిగి వెళ్ళి కింది ఇంటివాళ్ళకు కూడా చెప్పి వచ్చింది. కొడుకు పాత దుప్పటి మడిచి పక్క వేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం కోడలు షాపులో ఉండగా ఇంటి నుంచి ఫోనొచ్చింది. పుల్ల ఆగకుండా కక్కుకుంటోంది, కడుపు ముట్టుకోనివ్వడం లేదు. ఆమె పరుగున వచ్చి దాన్ని ఆసుపత్రిలో చేర్చింది. సెలైన్ ఎక్కించారు. కొవ్వు పదార్థం ఎవరో బాగా పెట్టారని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చి చూస్తే చెత్తబుట్టలో వెన్న కాగితం, వేయించిన కోడి చర్మం ముక్కలు కనిపించాయి.

అత్తగారు తనే ఒప్పుకుంది. "గిన్నె ఖాళీ అయ్యాక కూడా నాకుతూనే ఉందమ్మా. ఇంకాస్త అని అడిగినవాళ్ళకి లేదనడం నాకెన్నడూ చేతకాలేదు."

కోడలికి వెక్కివెక్కి ఏడ్చే కూతురు కనిపిస్తోంది, సెలైన్ సూదితో పడుకున్న పుల్ల కళ్ళముందు మెదులుతోంది. ఆపుకోలేకపోయింది.

"ప్రేముంటే సరిపోదు అత్తయ్యా. ఇది మీ క్యాంటీన్ కాదు. ఇకనుంచి దయచేసి వంటింట్లో చెయ్యి పెట్టకండి."

అత్తగారు తలూపి తన గదిలోకి వెళ్ళిపోయింది.

రెండు రోజులకు పుల్ల బతికి బయటపడి ఇంటికొచ్చింది. ఇక అక్కడి నుంచి కథ జోరందుకుంది. కోడలు రోజూ పనికి వెళ్ళేముందు నాలుగు గిన్నెల మీద వేళ రాసి పెట్టేది. పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారే కాబట్టి, ఆ వేళకు ఆ గిన్నె పుల్ల ముందు పెట్టడం ఆమె పని. ఒక్క మెతుకు ఎక్కువ పెట్టలేదు, ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యలేదు. గోడ గడియారంకన్నా ముందు పుల్ల తోకే ఆమెకు వేళ చెప్పేది.

ఆదివారం తూకం వేసే రోజు. ఆ ఒక్క పావుగంట కోసం ఇంటిల్లిపాదీ వారమంతా ఎదురుచూసేవాళ్ళు. స్నానాలగదిలోని తూకం మిషన్ మీద పుల్ల ఒంటరిగా నిలబడదు, అత్తగారు ఎత్తుకుంటే మాత్రం గువ్వలా ఒదిగిపోతుంది. అందుకని ముందు ఆమె పుల్లను ఎత్తుకుని ఎక్కేది, తర్వాత తనొక్కతే ఎక్కేది. మనవరాలు రెండూ పుస్తకంలో రాసుకుని, తీసివేత చేసి, ఫలితం ప్రకటించేది. పదకొండు. పదకొండున్నర. పన్నెండు. పన్నెండున్నర. ఒక్కో ప్రకటనకూ కొడుకు కంచం మీద చెంచాతో మోత మోగించేవాడు. నాలుగో వారానికి పుల్ల మెట్లెక్కింది. అయిదో వారానికి కొడుకు మేజోడు ఒకటి ఎత్తుకుపోయి మంచం కింద దాచింది. దొంగతనం చేసే ఓపిక వచ్చిందని అందరూ పొంగిపోయారు, మేజోడు పోయినవాడితో సహా.

ఆరో వారం తూకం వేళ మనవరాలి మొహం వాడిపోయింది. నానమ్మ, పుల్ల కలిసి అరవై ఎనిమిదే వచ్చారు. మొదటి వారం ఇద్దరూ కలిసి అరవై తొమ్మిది. పుల్ల తగ్గిపోయిందేమోనని దిగులుగా తీసివేత చేసి, మళ్ళీ చేసి, ఒక్కసారిగా ఎగిరింది.

"అమ్మా, పుల్ల పద్నాలుగు. మూడు కిలోలు పెరిగింది."

కొడుకు చెంచా అందుకున్నాడు. కోడలు నవ్వుతూనే పుస్తకం తీసుకుంది. అప్పటిదాకా ఆమె చివరి అంకె తప్ప మిగతావి చూడలేదు. పుల్ల పెరిగితే మొత్తం ఎలా తగ్గింది? అత్తగారి వరస మీద వేలు పెట్టి కిందికి జరిపింది. యాభై ఎనిమిది. యాభై ఏడు. యాభై ఆరున్నర. చివర యాభై నాలుగు.

తలెత్తి అత్తగారి వైపు చూసింది. నిజంగా చూసింది. జాకెట్టు భుజాల దగ్గర జారుతోంది. గాజులు మోచేతి దాకా వెళ్ళివస్తున్నాయి.

"అత్తయ్యా, మధ్యాహ్నం ఏం తింటున్నారు?"

"ఏదో ఒకటి" అంది ఆవిడ, పుల్ల చెవులు నిమురుతూ.

"నిన్న ఏం తిన్నారు?"

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "ముప్పై ఏళ్ళు నాలుగు వందల మందికి వడ్డించానమ్మా. వాళ్ళు తింటూంటే ఆ సందట్లోనే నేనూ తినేదాన్ని. ఇక్కడ మీరంతా పొద్దున్నే పోతారు, రాత్రి తలో వేళకు వస్తారు. వంటయినా చేసుకుంటూంటే నాలుగు మెతుకులు దిగేవి. నువ్వు వంటింట్లోకి రావద్దన్నాక ఆకలి కూడా అక్కడే ఉండిపోయింది. నీ తప్పు లేదులే. నా చేత్తో ఒక ప్రాణి పోబోయింది."

కోడలు ఇన్నాళ్ళూ నాలుగు గిన్నెలు తూచి, వేళలు రాసి, తనెంత జాగ్రత్తపరురాలో అని మురిసిపోయింది. గిన్నె పెట్టే మనిషి తిన్నదా అని ఒక్కసారి అడగలేదు. ఆమె తడి నేల మీదే కూర్చుని అత్తగారి కాళ్ళ దగ్గర తల ఆనించి ఏడ్చింది. అత్తగారు గాభరాపడి, లేవమ్మా, చీర తడిసిపోతుందని బతిమాలింది. పుల్ల ఇద్దరి మధ్య దూరి ఎవరి మొహం ముందు నాకాలో తెలియక తికమకపడింది.

మర్నాడు కోడలు సెలవు పెట్టి అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అన్ని పరీక్షలూ చేసి జబ్బేమీ లేదన్నాడాయన. ఒంట్లో సత్తువ లేదు, తినాలి, అంతే. ఒకేసారి ఎక్కువ తినలేకపోతే కొంచెం కొంచెంగా నాలుగు సార్లు తినమన్నాడు. ఆ మాట వినగానే అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. డాక్టరుకు కారణం అంతుపట్టలేదు.

ఇంటికొచ్చాక కోడలు గరిటెను అత్తగారి చేతికిచ్చి, పుల్ల వంట ఇకనుంచి ఆవిడదేనంది. "కొలత నేను చూస్తాను, చెయ్యి మాత్రం మీదే. మన వంట కూడా. నూనె మాత్రం చూసి పొయ్యండి." రాత్రి భోజనం ఎనిమిదింటికి అందరూ కలిసే అని కొడుకు తేల్చి చెప్పాడు. మధ్యాహ్నం షాపు పక్క సందులోంచి పది నిమిషాల నడకే కదా అని కోడలు ఇంటికొచ్చి తినడం మొదలుపెట్టింది. మొదటి రోజు అత్తగారు వడ్డించి పక్కన నిలబడబోతే, చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆవిడ రెండు ముద్దలు తిని, ఉప్పు తగ్గిందని తన వంటను తనే విసుక్కుని, మూడో ముద్ద కలుపుకుంది.

పన్నెండో వారం పుల్ల పదిహేడు కిలోలు తూగింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ దాన్ని తడిమి చూసి, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి గానీ కంటికి కనబడటం లేదని, ఉండాల్సింది ఇలాగేనని మెచ్చుకుంది. నాలుగు సార్లు ఇక అక్కర్లేదని, రోజుకు రెండు పూటలు పెట్టమని చెప్పింది. మనవరాలు గంతులేసింది. పుల్ల ఆ పిల్ల చుట్టూ తిరిగి బల్ల మీది మందు డబ్బాలు పడేసింది.

అత్తగారు కొంగు సర్దుకుంటూ కోడలి చెవిలో అడిగింది. "మరి నన్ను కూడా రెండు పూటలకి దింపేస్తావా?"

"మీకు కుదరదు" అంది కోడలు, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటూ. "పదండి, మధ్యాహ్నం వేళ దాటిపోతోంది. ఆకలి దంచేస్తోంది నాకు."

"నాక్కూడా" అంది అత్తగారు.